కొత్తగా లినక్స్‌కు వచ్చినవారికి డెవలపర్ సాధనాల ఇన్‌స్టాలేషన్: ఒకే దారి చూపాలా, అన్ని దారులూ చూపాలా?

వంశధార (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. సి భాషలో రాసిన ప్రోగ్రాములను కంపైల్ చేసి, ముందుగా ఇచ్చిన పరీక్షా ఉదాహరణలతో నడిపి, రావలసిన ఫలితానికీ వచ్చిన ఫలితానికీ తేడా చూపించే ఒక చిన్న కమాండ్ లైన్ సాధనాన్ని కొంతకాలంగా నిర్వహిస్తున్నాను. దీనిని పైథాన్‌లో రాశాను. లోపల జీసీసీ అనే సి కంపైలర్‌ను పిలుస్తుంది. వాడేవారిలో ఎక్కువమంది ఇంజనీరింగ్ మొదటి, రెండవ సంవత్సరాల విద్యార్థులు. వారిలో చాలామందికి ఇదే లినక్స్‌తో తొలి పరిచయం. కొందరు ఉబుంటు 22.04, మరికొందరు 24.04, ఇంకొందరు లినక్స్ మింట్ వాడుతున్నారు. డెబియన్ 12, ఫెడోరా వాడేవారు కొద్దిమంది ఉన్నారు. విండోస్ లోపలే డబ్ల్యూఎస్ఎల్ ద్వారా ఉబుంటు నడుపుకొనేవారి సంఖ్య నేను ఊహించినదానికన్నా ఎక్కువగా ఉంది.

నాకు వస్తున్న ఫిర్యాదుల్లో సాధనం పనితీరు గురించినవి చాలా తక్కువ, మిగిలినవన్నీ ఇన్‌స్టాలేషన్ దగ్గర ఆగిపోయినవే. నా రీడ్‌మీలో (సాధనంతో ఇచ్చే పరిచయ పత్రంలో) ప్రస్తుతం పైథాన్ ప్యాకేజీలను ఎక్కించే పిప్, పిప్ఎక్స్, డెబియన్ తరహా వ్యవస్థల ప్యాకేజీ అయిన డెబ్ ఫైలు, ఏ లినక్స్‌కైనా ఉద్దేశించిన స్నాప్, యాప్‌ఇమేజ్ ప్యాకేజీలు, మూలం నుండి నేరుగా కట్టుకోవడం అన్న మార్గాలన్నీ వరుసగా ఉన్నాయి. అనుభవజ్ఞులు తమకు నచ్చిన దానిని ఎంచుకొని వెళ్లిపోతున్నారు. కొత్తవారు మాత్రం మొదటిది ప్రయత్నించి, అది విఫలమైతే రెండవది, ఆపైన మూడవది ప్రయత్నించి, చివరికి మూడు చోట్ల సగం సగం ఇన్‌స్టాల్ అయిన స్థితిలో నాకు స్క్రీన్‌షాట్ పంపుతున్నారు. అప్పటికి ఏది ఎక్కడినుండి నడుస్తున్నదో తేల్చడం నాకూ కష్టమవుతోంది.

వీటిలో ఒక్క మార్గాన్ని మాత్రమే ఉంచితే ఏది ఉంచాలి? లేదా ఈ ప్రశ్నే సరైనది కాదా? దయచేసి మీ అనుభవంతో చెప్పండి.

డెబియన్_దాసు

వంశధార గారూ, మీ వాడుకరుల జాబితా చూస్తే జవాబు అందులోనే ఉంది. ఉబుంటు, మింట్, డెబియన్, డబ్ల్యూఎస్ఎల్‌లోని ఉబుంటు, ఇవన్నీ ఆప్ట్ అనే ప్యాకేజీ నిర్వాహకాన్ని వాడేవే. కాబట్టి ఆప్ట్ రెపాజిటరీ (ప్యాకేజీల భాండాగారం) పెట్టండి, మిగిలినవాటిని రీడ్‌మీ మొదటి పేజీ నుండి తీసివేయండి.

ఆప్ట్ 1998 నాటి నుండి చేస్తున్న పనినే ఇప్పటి కొత్త కొత్త ఇన్‌స్టాలర్లు మళ్లీ మొదటినుండి చేయబూనుకోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఏ ప్యాకేజీకి ఏది అవసరమో చూసుకొని తెచ్చిపెట్టడం, అప్‌డేట్ చేయడం, వద్దనుకున్నప్పుడు శుభ్రంగా తీసివేయడం, ఈ మూడూ ఒకేచోట జరుగుతాయి. మీ సాధనానికి జీసీసీ కావాలని మీరు రీడ్‌మీలో పేరాగ్రాఫు రాయనవసరం లేదు, ప్యాకేజీ నియంత్రణ ఫైలులో ఒక్క వరుసలో రాస్తే చాలు. అక్కడ జీసీసీతో పాటు, సి హెడర్ ఫైళ్లుండే లిబ్‌సీ6-డెవ్ కూడా స్పష్టంగా రాయండి. జీసీసీ ప్యాకేజీ దానిని సిఫారసు మాత్రమే చేస్తుంది, తప్పనిసరి అనదు. సిఫారసులను ఆపివేసిన యంత్రాల్లో కంపైలర్ ఉండి కూడా, ఎస్‌టీడీఐఓ హెడర్ దొరకలేదన్న దోషం వస్తుంది. మొదటి ప్రోగ్రాము రాస్తున్న విద్యార్థికి అంతకన్నా అయోమయం కలిగించేది ఉండదు.

డెబ్ ఫైలును ఒక్కసారి దించుకొమ్మని చెప్పి వదిలేయడం మాత్రం వద్దు. ఆప్ట్ కింద పనిచేసే డీపీకేజీ ఆదేశంతో నేరుగా ఎక్కిస్తే అవసరమైన ఇతర ప్యాకేజీలు రావు. ఆప్ట్ ఇన్‌స్టాల్‌కు ఫైలు పేరు ముందు చుక్క, స్లాష్ పెట్టి ఇస్తే వస్తాయి కానీ ఆ చుక్కను కొత్తవారు తప్పకుండా వదిలేస్తారు. పైగా అలా వచ్చిన ప్యాకేజీకి తరువాతి అప్‌డేట్లు అందవు.

ఉబుంటు, మింట్ వాడుకరులకు లాంచ్‌ప్యాడ్ సైటులో పీపీఏ (సొంత ప్యాకేజీ రెపాజిటరీ) తెరిస్తే, ప్యాకేజీలు అసలైనవేనని సరిచూసే సంతకపు తాళం (కీ) సంగతి కూడా ఒక్క ఆదేశంతో తీరిపోతుంది. డెబియన్‌కు పీపీఏ సరిపడదు కనుక, డెబ్, ఫెడోరా వాడే ఆర్‌పీఎం రెండూ తయారుచేసి ఇచ్చే ఓపెన్ బిల్డ్ సర్వీస్‌ను పరిశీలించండి.

ల్యాబ్_మేడం

దాసు గారు చెప్పిన మార్గం మంచిదే. అయితే ప్యాకేజీ రూపం మారినంత మాత్రాన ఫిర్యాదులు ఆగుతాయని నేను అనుకోవడం లేదు. నేను ఒక కళాశాలలో ప్రోగ్రామింగ్ ల్యాబ్ చూసుకుంటాను. పిల్లలు ఎక్కడ ఆగుతారో పక్కన నిలబడి చూసే అవకాశం నాకు ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మొట్టమొదటి అడ్డంకి, నిర్వాహక అధికారంతో ఆదేశం నడిపే సుడో అడిగే సంకేతపదం. టైప్ చేస్తుంటే తెరమీద చుక్కలు కూడా కనిపించకపోవడంతో కీబోర్డు పనిచేయడం లేదనుకొని ఆపేస్తారు. కొన్ని కొత్త లినక్స్ పంపిణీలలో (డిస్ట్రోలలో) నక్షత్రాలు చూపిస్తారు కానీ, అన్నిచోట్లా కాదు. ఈ ఒక్క వాక్యం ఏ ఇన్‌స్టాలేషన్ సూచనలలోనూ నాకు కనిపించలేదు.

రెండవది, ఆదేశం ముందు ఉండే డాలర్ గుర్తు. అది ప్రాంప్టు అని తెలిసినవారికే తెలుసు. తెలియనివారు దానితో సహా కాపీ చేసి అతికిస్తారు. పుస్తకాల నుండో, వాట్సాప్ సందేశాల నుండో తెచ్చుకున్న ఆదేశాల్లో వంపు తిరిగిన ఉల్లేఖన చిహ్నాలు, రెండు గీతలు కలిసి ఒక్క పొడవాటి గీతగా మారిపోవడం మరో తంటా.

మూడవది మరీ తరచుగా వస్తుంది. ల్యాప్‌టాప్ తెరిచిన వెంటనే ఉబుంటు తనంతట తాను భద్రతా అప్‌డేట్లు ఎక్కించుకుంటూ ఉంటుంది. అదే సమయంలో విద్యార్థి ఆప్ట్ నడిపితే, తాళం (ఒకేసారి రెండు ఇన్‌స్టాలేషన్లు జరగకుండా ఆపే లాక్) దొరకలేదు అన్న సందేశం వస్తుంది. ఆ సందేశాన్ని వెతికితే, తాళం ఫైలునే తొలగించమని చెప్పే పాత జవాబులు మొదట కనిపిస్తాయి. అప్‌డేట్ సగంలో ఉండగా ఆ పని చేస్తే ఏమవుతుందో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించండి అన్న ఒక్క మాట మీ రీడ్‌మీలో ఉంటే ఎంతో మేలు.

నాలుగవది ప్రాక్సీ, అంటే నెట్‌కు మధ్యవర్తిగా ఉండే సర్వర్. కళాశాల నెట్‌వర్కులో బ్రౌజర్‌కు ప్రాక్సీ పెట్టుకోవడం అందరికీ వచ్చు. టెర్మినల్‌లో కూడా పర్యావరణ చరరాశి పెట్టుకున్నాక పిప్ పనిచేస్తుంది, గిట్ పనిచేస్తుంది, ఆప్ట్ మాత్రం పనిచేయదు. కారణమేమిటంటే, సుడో సాధారణంగా ఆ చరరాశులను దాటనివ్వదు. ఆప్ట్‌కు విడిగా దాని ఆకృతీకరణ ఫైలులో రాయాలి. స్నాప్‌కు మళ్లీ వేరే పద్ధతి. ఒకే యంత్రంలో ఒకే ప్రాక్సీని ఇన్నిచోట్ల విడివిడిగా చెప్పవలసి రావడం చూసి, లినక్స్ అంటేనే ఇంత అని పిల్లలు తీర్మానించుకుంటారు.

కాబట్టి వంశధార గారూ, ఏ మార్గం ఎంచుకున్నా, ఆ మార్గంలో తగిలే రాళ్లన్నిటినీ ముందే చెప్పండి. ఆరు మార్గాలకు ఆ పని చేయలేరు, ఒక్కదానికైతే చేయగలరు. నా దృష్టిలో ఒకే దారి ఉంచడానికి అసలు కారణం ఇదే.

ఓరుగల్లు_కోడర్

ఇన్ని రాళ్లు ఆప్ట్ దారిలోనే ఉన్నాయని మేడం గారే చెప్పారు కదా! రస్ట్ భాషవారు ఏం చేశారో చూడండి. ఒక్క కర్ల్ (నెట్ నుండి దించే సాధనం) ఆదేశం అతికిస్తే వారి ఇన్‌స్టాలర్ రస్టప్ దిగుతుంది, కావలసినదంతా హోమ్ డైరెక్టరీలోనే పెడుతుంది, సుడో అడగదు, ఆప్ట్ తాళంతో సంబంధం లేదు, పంపిణీ ఏదైనా ఒకటే. తీసివేయడానికి కూడా దానిలోనే ఆదేశం ఉంది. కొత్తవారికి అంతకన్నా సులువైనది ఏముంటుంది?

పంపిణీల రెపాజిటరీలు ఎంత వెనుకబడి ఉంటాయో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ వాడినవారిని అడగండి. ఉబుంటు 22.04 తన రెపాజిటరీలో నోడ్ 12తో వచ్చింది. ఆ విడుదల జరిగిన 2022 ఏప్రిల్ నెలాఖరుకే నోడ్ 12కు మద్దతు ముగిసింది. అంటే కొత్త విద్యార్థి ఆప్ట్‌ను నమ్ముకొని నోడ్ ఎక్కించుకుంటే, పాఠంలోని మొదటి ఉదాహరణే నడవకపోవచ్చు.

సర్వర్_కాపలా

కోడర్ గారూ, నోడ్ ఉదాహరణ నిజమే కానీ, అది పంపిణీ వారి రెపాజిటరీ సమస్య. సాధనకర్త తానే నడిపే రెపాజిటరీలో ఎప్పుడూ తాజా వెర్షనే ఉంటుంది. దాసు గారు చెప్పింది రెండవ దాని గురించి.

కర్ల్ నుండి నేరుగా షెల్‌లోకి పంపడం గురించి మామూలుగా వినిపించే భద్రతా వాదనను నేను యథాతథంగా ఒప్పుకోను. ఎవరో ఇచ్చిన డెబ్ ఫైలును సుడోతో ఎక్కించినప్పుడు కూడా దానిలోని స్క్రిప్టులు రూట్ (పూర్తి నిర్వాహక) అధికారంతోనే నడుస్తాయి. నమ్మకం రెండుచోట్లా ఒకటే. తేడా మరోచోట ఉంది. షెల్ స్క్రిప్టు ఏయే ఫైళ్లను ఎక్కడ పెట్టిందో యంత్రానికి గుర్తుండదు, డీపీకేజీకి గుర్తుంటుంది. రస్టప్ వారు తీసివేసే ఆదేశాన్ని శ్రద్ధగా రాశారు. అందరూ అంత శ్రద్ధగా రాయరు. టెర్మినల్ తెరిచినప్పుడు చదివే బాష్ఆర్‌సీ ఫైలు చివర నాలుగు వేర్వేరు సాధనాలు చేర్చిన వరుసలు పేరుకుపోయి, ఏది తీస్తే ఏది ఆగిపోతుందో తెలియని ల్యాప్‌టాప్‌లు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి.

ఇక సులువు సంగతి. ఉబుంటు డెస్క్‌టాప్‌లో కర్ల్ ముందుగా ఉండదన్న విషయం మీరు గమనించారా? విద్యార్థి ఆ ఆదేశం అతికించగానే కర్ల్ లేదని చెప్పి, స్నాప్ ద్వారానో ఆప్ట్ ద్వారానో ఎక్కించుకోవచ్చని ఉబుంటు సూచిస్తుంది. స్నాప్ వరుస మొదట కనిపిస్తుంది కనుక విద్యార్థి దానినే ఎంచుకుంటాడు. స్నాప్ రూపంలోని కర్ల్‌కు హోమ్ డైరెక్టరీలోని దాగిన ఫోల్డర్లలో రాసే అనుమతి లేదు. రస్టప్ స్క్రిప్టులో స్నాప్ కర్ల్‌ను పసిగట్టి, దీనితో కుదరదని చెప్పే భాగాన్ని ప్రత్యేకంగా చేర్చవలసి వచ్చింది. ఒక్క ఆదేశం అనుకున్నది అలా ఎన్ని మలుపులు తిరుగుతుందో చూడండి.

మొదటి_సంవత్సరం

పెద్దలందరికీ నమస్కారం. ఇక్కడ రాయవచ్చో లేదో తెలియదు కానీ, మీరు మాట్లాడుకుంటున్న కొత్త వాడుకరిని నేనే కాబట్టి నా వైపు నుండి చెబుతాను.

నేను ఉబుంటు 24.04 వాడుతున్నాను. వంశధార గారి సాధనాన్ని మొదట పిప్‌తో ఎక్కించబోయాను. ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్ అన్న దోషం వచ్చింది. దాని కింద పెద్ద పేరా ఉంది. అందులో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అనీ, పిప్ఎక్స్ అనీ ఏవో సూచనలున్నాయి. చివర్లో, వ్యవస్థ ప్యాకేజీలను విరగ్గొట్టు అన్న అర్థం వచ్చే ఒక ఐచ్ఛికం ఉంది. అంతర్జాలంలో వెతికితే చాలామంది దానినే చేర్చమన్నారు. పేరే అలా ఉంటే భయం వేసి ఆగిపోయాను. నా స్నేహితుడు ఆగలేదు, అతనికి ఇన్‌స్టాల్ అయింది. ఇప్పుడు అతను నాకన్నా ముందున్నాడు, నేను జాగ్రత్తగా ఉండి వెనకబడ్డాను.

తరువాత పిప్ఎక్స్ ఎక్కించి దానితో ప్రయత్నించాను. విజయవంతంగా ఇన్‌స్టాల్ అయిందని చెప్పింది కానీ, ఆదేశం టైప్ చేస్తే కమాండ్ నాట్ ఫౌండ్ అంటోంది. మరుసటి రోజు ఏమీ చేయకుండానే పనిచేసింది. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక చిన్న ప్రశ్న కూడా ఉంది. ఫోనులో లాగా ఒక బొత్తాం నొక్కితే ఎక్కేలా ఎందుకు పెట్టరు? ఉబుంటులో యాప్ సెంటర్ ఉంది కదా, అందులో ఈ సాధనం ఎందుకు కనిపించదు?

డెబియన్_దాసు

తప్పకుండా రాయవచ్చు నాయనా. ఈ చర్చలో ఇప్పటివరకు వచ్చినవాటిలో బాగా ఉపయోగపడేది నీ జాబే.

మరుసటి రోజు తనంతట తానే పనిచేయడంలో మాయ ఏమీ లేదు. పిప్ఎక్స్ తన ఆదేశాలను హోమ్ డైరెక్టరీలోని డాట్ లోకల్ ఫోల్డరులో, బిన్ అన్న ఉపఫోల్డరులో పెడుతుంది. ఉబుంటులో లాగిన్ అయ్యేటప్పుడు చదివే ప్రొఫైల్ ఫైలు, ఆ ఫోల్డరు అప్పటికే ఉంటేనే దానిని పాత్‌లో (ఆదేశాలను వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేరుస్తుంది. నువ్వు లాగిన్ అయినప్పుడు ఆ ఫోల్డరు లేదు, తరువాత పుట్టింది. కాబట్టి కొత్త టెర్మినల్ తెరిచినా లాభం లేదు, లాగ్ అవుట్ అయి తిరిగి రావాలి. పిప్ఎక్స్‌లోనే ఎన్‌ష్యూర్‌పాత్ అన్న ఉపఆదేశం ఉంది. దానిని ఒకసారి నడిపి కొత్త టెర్మినల్ తెరిచినా సరిపోయేది. వంశధార గారి రీడ్‌మీలో ఆ వరుస ఉన్నట్లు లేదు.

పిప్ దోషానికి కూడా కారణం ఉంది. పైథాన్‌ను ఉబుంటు తన సొంత పనులకు వాడుకుంటుంది. ఆ పైథాన్‌లో పిప్ వేరే వెర్షన్లను కలిపివేస్తే వ్యవస్థకు చెందిన కార్యక్రమాలే ఆగిపోయే ప్రమాదం ఉంది కనుక పెప్ 668 అన్న ప్రతిపాదన వచ్చింది. దానిని 2023లో డెబియన్ 12, ఉబుంటు 23.04 అమలు చేశాయి. అంతకుముందు వచ్చిన ఉబుంటు 22.04లో అదే పిప్ ఆదేశం ఏ అభ్యంతరమూ లేకుండా నడుస్తుంది. పాత యూట్యూబు పాఠాలు తప్పు కాకపోయినా నీ దగ్గర పనిచేయకపోవడానికి కారణం అదే. నీ స్నేహితుడి యంత్రం ఈరోజు బాగానే ఉంటుంది, అది ఏదో ఒక అప్‌డేట్ రోజున బయటపడే అప్పు. నువ్వు ఆగడమే సరైన పని.

బొత్తాం విషయానికి వస్తే, యాప్ సెంటర్ వంటివి ప్రధానంగా కిటికీ తెరుచుకొనే అనువర్తనాలను చూపడానికి తయారైనవి. కమాండ్ లైన్ సాధనాలు రెపాజిటరీలో ఉన్నా, సాధారణంగా అక్కడ కనిపించవు. డెవలపర్ సాధనాలలో సగానికి పైగా అలాంటివే కావడం వల్ల, బొత్తాం అవసరమైనవారికే బొత్తాం అందడం లేదు. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు.

ప్రవాస_పెంగ్విన్

జర్మనీ నుండి రాస్తున్నాను. ఇక్కడ పనిలో ఫెడోరా సిల్వర్‌బ్లూ వాడతాను. మూల వ్యవస్థను ముట్టుకోకుండా, డెవలపర్ సాధనాలన్నీ టూల్‌బాక్స్ అనే కంటైనర్‌లో (విడిగా ఉండే చిన్న వ్యవస్థలో) పెట్టుకోవడం దాని పద్ధతి. పాడైతే ఆ కంటైనర్‌ను తీసేసి కొత్తది తయారుచేసుకుంటాం. ఇతర పంపిణీలలో డిస్ట్రోబాక్స్ అదే పని చేస్తుంది. కొత్తవారికి ఇది ఎందుకు నేర్పకూడదు? పైగా ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ ప్యాకేజీల గురించి ఎవరూ వివరంగా మాట్లాడలేదు.

సర్వర్_కాపలా

ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ రెండూ మంచివే, ఈ సాధనానికి మాత్రం కాదు. వాటి బలం గోడ కట్టడంలో ఉంది. అనువర్తనం తన గదిలో తాను ఉంటుంది, బయటి వ్యవస్థను చూడదు. బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌కు అది వరం. కానీ డెవలపర్ సాధనానికి బయటి కంపైలర్ కావాలి, బయటి ఫైళ్లు కావాలి, బయటి షెల్ కావాలి. విజువల్ స్టూడియో కోడ్ ఎడిటర్‌ను ఫ్లాట్‌ప్యాక్ దుకాణమైన ఫ్లాట్‌హబ్ నుండి ఎక్కించుకున్నవారు, దాని లోపలి టెర్మినల్‌లో తాము వ్యవస్థలో ఎక్కించుకున్న సాధనాలు కనిపించక తికమకపడడం సర్వసాధారణం. అవి వ్యవస్థలో ఉన్నాయి, ఎడిటర్ ఉన్న గదిలో లేవు. స్నాప్‌లో ఈ గోడ లేకుండా చేసే క్లాసిక్ పద్ధతి ఉంది. విజువల్ స్టూడియో కోడ్ స్నాప్ అలాంటిదే. దానికి స్నాప్ దుకాణం నిర్వాహకుల పరిశీలన, అనుమతి అవసరం. అంతా చేసి స్నాప్ ఇచ్చినా, లినక్స్ మింట్ 2020లో వచ్చిన 20వ వెర్షన్ నుండి, స్నాప్‌లను నడిపే స్నాప్‌డీని ఆప్ట్ ద్వారా రాకుండా ఆపేసింది. వంశధార గారి వాడుకరులలో మింట్ వారు ఉన్నారు.

యాప్‌ఇమేజ్ కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒకే ఫైలు, ఇన్‌స్టాలేషనే అక్కరలేదు అన్నది దాని ప్రచారం. ఉబుంటు 22.04 నుండి అది నడవడానికి కావలసిన పాత ఫ్యూజ్ లైబ్రరీ ముందుగా ఉండదు. 24.04లో ఆ ప్యాకేజీ పేరే మారి చివర టీ64 చేరింది. ఫైలుకు నడిచే అనుమతి ఇవ్వడం, లైబ్రరీ పేరు వెతుక్కోవడం అయ్యేసరికి ఆప్ట్ దారే దగ్గరవుతుంది.

టూల్‌బాక్స్ గురించి పెంగ్విన్ గారు చెప్పింది నాకు వ్యక్తిగతంగా ఇష్టమైన పద్ధతి. కానీ కంటైనర్ అంటే ఏమిటో తెలియనివారికి, తాము ఇప్పుడు కంటైనర్ లోపల ఉన్నారో బయట ఉన్నారో అన్న కొత్త ప్రశ్నను మొదటి రోజే చేర్చడం సులువు చేయడం కాదు. రోజుకు కొలిచి ఇచ్చే మొబైల్ డేటాతో ఇన్‌స్టాల్ చేసుకొనే పిల్లలు ఎంతోమంది ఉన్నారు. కొద్ది కిలోబైట్ల పైథాన్ సాధనం కోసం పంపిణీ చిత్రం మొత్తాన్ని దించుకోమనడం వారికి భారం కూడా.

ప్రవాస_పెంగ్విన్

డేటా సంగతి నాకు తట్టలేదు, అది న్యాయమైన అభ్యంతరం. మొదటి సంవత్సరం విద్యార్థికి కాకపోయినా, ల్యాబ్ యంత్రాలను సిద్ధం చేసేవారికి ఈ పద్ధతి పనికివస్తుందని మాత్రం చెప్పి ఊరుకుంటాను. ఫెడోరా వైపు మీకు కాపర్ సేవ ఉంది, పీపీఏ వంటిదే. ప్యాకేజీల పేర్లు మారతాయని గుర్తుంచుకోండి. డెబియన్‌లో డెవ్ అని ముగిసేవి ఇక్కడ డెవెల్ అని ముగుస్తాయి, లిబ్‌సీ6-డెవ్ ఇక్కడ జీలిబ్‌సీ-డెవెల్ అవుతుంది.

ల్యాబ్_మేడం

డబ్ల్యూఎస్ఎల్ గురించి ఒక మాట చేర్చాలి, లేకపోతే అది మరుగున పడిపోతుంది. అక్కడ విండోస్ పాత్ కూడా లినక్స్ పాత్‌లోకి వచ్చి చేరుతుంది. ఉబుంటులో లేని సాధనం విండోస్‌లో ఉంటే, విద్యార్థి టైప్ చేసిన ఆదేశం విండోస్ దానిని పట్టుకొని నడిపిస్తుంది. నోడ్, ఎన్‌పీఎం దగ్గర ఇది తరచుగా జరుగుతుంది. ఇన్‌స్టాల్ చేయకుండానే పనిచేసింది మేడం అని సంతోషంగా చెబుతారు, ఆపైన ఫైళ్ల దారుల్లో వింత దోషాలు మొదలవుతాయి. విండోస్ నోట్‌ప్యాడ్‌లో కొత్తగా రాసిన షెల్ స్క్రిప్టుల వరుసల చివర అదనపు అక్షరం చేరి, ఇంటర్‌ప్రెటర్ దొరకలేదన్న దోషం రావడం ఇంకొకటి.

ఇవన్నీ రీడ్‌మీలో రాస్తే అది పుస్తకమవుతుంది, ఎవరూ చదవరు. అందుకని నా సూచన ఏమిటంటే, సాధనంలోనే తనిఖీ చేసే ఉపఆదేశం పెట్టండి. మొబైల్ యాప్‌లు రాసే ఫ్లటర్‌లో డాక్టర్ అన్నది ఉంది, చూసే ఉంటారు. ఏది ఉందో, ఏది లేదో, లేనిదానికి ఏం చేయాలో వరుసగా చెబుతుంది. మీ సాధనం కూడా జీసీసీ ఎక్కడుంది, దాని వెర్షన్ ఎంత, హెడర్ ఫైళ్లు ఉన్నాయా, తాను ఏ దారిలో ఇన్‌స్టాల్ అయింది, అదే పేరుతో పాత్‌లో ఇంకొకటి ఉందా, డబ్ల్యూఎస్ఎల్‌లో నడుస్తోందా అన్నవి చూసి చెప్పగలిగితే, మీకు వచ్చే స్క్రీన్‌షాట్లలో సగం తగ్గుతాయి. వచ్చినవి కూడా అర్థమయ్యేలా వస్తాయి.

ఆ తనిఖీ వివరణలు తెలుగులో కూడా ఉండాలని నా కోరిక. ఎంతోమంది పిల్లలు పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు. దోషం ఆంగ్లంలో పది వరుసలు వస్తే చదవకుండానే కాపీ చేస్తారు.

ఓరుగల్లు_కోడర్

తనిఖీ ఆదేశానికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. తెలుగు దోష సందేశాల విషయంలో మాత్రం సందేహం ఉంది. దోషాన్ని తెలుగులోకి మారిస్తే విద్యార్థి దానిని ఎక్కడ వెతుకుతాడు? వెతికితే ఏమీ దొరకదు. ప్రపంచమంతా ఆంగ్ల సందేశంతోనే జవాబులు రాసుకుంది.

ల్యాబ్_మేడం

మార్చమనలేదు కోడర్ గారూ, చేర్చమన్నాను. జీసీసీ ఇచ్చిన అసలు సందేశాన్ని అక్షరం మారకుండా ఉంచి, దాని కింద తెలుగులో ఒక వరుస వివరణ, ఆపైన నడపవలసిన ఆదేశం ఉంటే చాలు. అసలు సందేశం వెతకడానికి, వివరణ అర్థం కావడానికి.

మొదటి_సంవత్సరం

అలా ఉంటే చాలా బాగుంటుంది మేడం. పిప్ ఇచ్చిన ఆ పెద్ద పేరాలో సరైన సూచనే ఉందని దాసు గారు చెప్పాక మళ్లీ చదివాను. నిజంగానే ఉంది. ఆ రోజు ఎరుపు రంగులో దోషం అన్న పదం చూసి కింద ఉన్నది చదవలేదు.

వంశధార

అందరికీ ధన్యవాదాలు. జవాబుల్లో పట్టుబట్టి వాదించుకున్నట్లు కనిపించినా, చివరికి అందరూ ఒకే చోటికి వచ్చారని నాకు అనిపిస్తోంది. నేను అనుకుంటున్నది చెబుతాను, లోపాలుంటే దిద్దండి.

రీడ్‌మీ మొదటి తెరమీద ఆప్ట్ దారి ఒక్కటే ఉంటుంది. ఉబుంటు, మింట్ కోసం పీపీఏ, డెబియన్ కోసం ఓపెన్ బిల్డ్ సర్వీస్ రెపాజిటరీ. డెబియన్‌కు సంతకపు తాళాన్ని విడిగా కీరింగ్స్ డైరెక్టరీలో పెట్టి, ఆ రెపాజిటరీకి మాత్రమే చెల్లేలా రాస్తాను. పాత ఆప్ట్-కీ ఆదేశం వాడను, దానిని ఇప్పటికే పక్కన పెట్టేశారు. సాధనంలో ప్రామాణిక పైథాన్ లైబ్రరీకి బయట ఏదీ వాడకుండా తిరగరాస్తున్నాను. అప్పుడు ఉబుంటు 22.04లోని పైథాన్ 3.10, డెబియన్ 12లోని 3.11, ఉబుంటు 24.04లోని 3.12 అన్నిటిపైనా ఒకే డెబ్ నడుస్తుంది. 3.12లో డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూలును తీసివేశారు కనుక దానిని వాడిన రెండు చోట్లనూ మారుస్తాను. ఫెడోరా కోసం కాపర్, మిగిలినవారి కోసం పిప్ఎక్స్ దారి రెండవ పేజీలో, ఎన్‌ష్యూర్‌పాత్ వరుసతో సహా ఉంటుంది. స్నాప్, యాప్‌ఇమేజ్ ఆపేస్తాను. తనిఖీ ఉపఆదేశం తరువాతి విడుదలలో వస్తుంది, మొదట తెలుగు, ఆంగ్ల వివరణలతో.

ప్రతి విడుదలకు ముందు ఈ పంపిణీలన్నిటి డాకర్ చిత్రాలపై (సిద్ధంగా ఉండే కంటైనర్ నమూనాలపై) ఇన్‌స్టాలేషన్‌ను తనంతట తానే పరీక్షించేలా ఏర్పాటు చేస్తున్నాను.

సర్వర్_కాపలా

ప్రణాళిక బాగుంది. చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగండి. డాకర్ చిత్రంలో మీరు రూట్‌గా ఉంటారు, సుడో ఉండదు, లాగిన్ సెషన్ ఉండదు, వెనుక నడిచే అప్‌డేట్లు ఉండవు. అంటే మేడం గారు, ఈ విద్యార్థి చెప్పిన అడ్డంకులలో చాలావరకు ఆ పరీక్షలో కనిపించవు. ప్యాకేజీ ఆధారాలు సరిగా ఉన్నాయా లేదా అని చూడడానికి డాకర్ చాలు. మొదటి అనుభవాన్ని చూడాలంటే ఉబుంటు డెస్క్‌టాప్ ఐఎస్ఓను వర్చువల్ యంత్రంలో అప్పుడే ఎక్కించి, ఏ సర్దుబాటూ చేయకముందే స్నాప్‌షాట్ తీసుకొని, పరీక్ష చేసిన ప్రతిసారీ ఆ స్నాప్‌షాట్ నుండే మొదలుపెట్టాలి. మీ సొంత ల్యాప్‌టాప్ దీనికి పనికిరాదు. అందులో బిల్డ్-ఎసెన్షియల్ (కంపైలర్ సామగ్రి ప్యాకేజీ) ఎప్పటినుండో ఉండి ఉంటుంది.

డెబియన్_దాసు

మూడు చిన్న సవరణలు. మింట్‌లో డెబియన్ ఆధారిత సంచిక కూడా ఉంది, ఎల్ఎండీఈ అంటారు. దానికి పీపీఏ పనికిరాదు కనుక వారిని డెబియన్ పేజీకి పంపండి. ఇంకా, సోర్సెస్ లిస్ట్ ఫైలును తెరిచి దిద్దమని ఎక్కడా రాయకండి. ఉబుంటు 24.04లో ఆ వివరాలు కొత్త రూపంలో వేరే ఫైలులోకి వెళ్లాయి. పాత ఫైలు తెరిచినవారికి అందులో వ్యాఖ్య తప్ప ఏమీ కనిపించదు. డెబియన్ 13 కూడా 2025లో పైథాన్ 3.13తో వచ్చింది, పరీక్షల జాబితాలో చేర్చండి.

వంశధార

మూడూ చేర్చాను. మొదటి సంవత్సరం గారూ, కొత్త పీపీఏ సిద్ధమయ్యాక మీ యంత్రంలో ముందుగా పిప్ఎక్స్ ద్వారా ఎక్కిన పాతదానిని తీసివేసి, ఆపైన ఆప్ట్‌తో ఎక్కించి చూడగలరా? రెండూ ఉంటే డాట్ లోకల్‌లోని పాతదే ముందు దొరుకుతుంది. తనిఖీ ఆదేశం అదే విషయాన్ని పట్టుకోగలదో లేదో కూడా తెలుస్తుంది కాబట్టి, వీలైతే తీసివేయకముందు ఒకసారి, తీసివేశాక మరోసారి నడిపి, రెండు ఫలితాలూ ఇక్కడే అతికించండి. స్క్రీన్‌షాట్ వద్దు, పాఠ్యంగానే ఇవ్వండి.

మొదటి_సంవత్సరం

తప్పకుండా అండీ. శనివారం ల్యాబ్ లేదు, ఆ రోజు చేస్తాను. నా స్నేహితుడి యంత్రంలో కూడా నడిపి చూడమంటారా? పిప్‌తో బలవంతంగా ఎక్కించింది అతనే.

వంశధార

అతని ఫలితమే ముందు పంపండి.